దారం కట్టని సీసా

ఏడో కుండలో కదలిక కనబడిన రోజున డాక్టర్ హెప్సిబాకు సంతోషం రాలేదు, నిద్ర వచ్చింది.

వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఇరవై ఏళ్లకు పైగా బురదను ఎండబెట్టి, తడిపి, మళ్లీ ఎండబెట్టి చూస్తూ కూర్చున్న మనిషికి సంతోషపడటం కూడా ఇంకో పనిలాగే తోస్తుంది. ఆమె సూక్ష్మదర్శిని మీద నుంచి తల ఎత్తి, కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. బుడగలాంటి చిన్న గోళం ఒకటి నడుము దగ్గర సన్నబడుతోంది. సన్నబడి, తెగి, రెండైంది. ఆ రెండూ చుట్టూ ఉన్నదాన్ని లోపలికి లాక్కుని లావెక్కాయి. కాసేపటికి వాటి నడుములూ సన్నబడ్డాయి. తల్లి బుడగలో ఉన్న గొలుసులాంటి పదార్థం పిల్లల్లోకీ చేరింది.

"తిరుపాలూ, ఒకసారి ఇటు రా," అని పిలిచి, పక్కనున్న స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

తిరుపాలు ఆమెతో కలిసి పనిచేసే పరిశోధకుడు. ఆ పరిశోధనశాలలో అడుగుపెట్టేనాటికి మీసాలు నల్లగా ఉండేవి, ఇప్పుడు నెరిశాయి. పేరులో తిరుపతి వెంకన్నను మోస్తూ, దేవుడు లేడని ఊరూరా తిరిగి చెప్పే జిల్లా హేతువాద సంఘం కార్యదర్శి కూడా. వచ్చి, కన్ను ఆనించి చూసి, అలాగే ఉండిపోయాడు.

"మేడమ్, ఇది బతికింది మేడమ్!"

"ఆ మాట అనకు. రెండుగా విడిపోయింది అను చాలు."

"ఎట్టా అనకుండా ఉంటాను? తిండి తింటోంది, పిల్లల్ని పెడుతోంది. మా బావమరిది చేసేదీ ఇంతేగా!"

హెప్సిబా నవ్వింది. నవ్వుతూనే కళ్లు మళ్లీ మూతలు పడ్డాయి.

చీరాల దాటాక, సముద్రం వైపు ఇసుక దారిలో పోతే ఆ పరిశోధనశాల వస్తుంది. ప్రాణం లేనిదాని నుంచి ప్రాణం ఎలా పుట్టిందో కనుక్కోవడమే ఆమె పని. ఉప్పుటేటి ఒండ్రును తెచ్చి, బాగా కాల్చి, అందులో బతికున్నదన్నది ఏదీ లేకుండా చేసి, సున్నపు నీటితో కలిపి కుండల్లో పోసేది. పగలు ఎండ కాసినట్టు దీపాల వేడి, తరువాత పోటు వచ్చినట్టు నీరు, మళ్లీ ఆటు, మళ్లీ వేడి. మొదట్లో నిజంగానే కుమ్మరి చేసిన కుండలు వాడింది. తరువాత గాజు పాత్రలు వచ్చినా వాటికి కుండలన్న పేరే నిలిచిపోయింది. వాటిని తడపడం, ఆరబెట్టడం అన్నీ యంత్రమే చేస్తుంది. మనిషి పాటించాల్సిన నియమం ఒకటే. బతికున్నదేదీ, బతికున్నదాని నుంచి వచ్చినదేదీ కుండలో పడకూడదు. ఎవరి చెయ్యీ తగలకుండా మట్టి తనంతట తాను కదిలిందని చూపించాలి. ఆ ఒక్క మాట కోసమే ఆమె వయసంతా కరిగిపోయింది.

ఏడు కుండల్లో ఏడోది కదిలింది. మిగతా ఆరూ బురదగానే ఉన్నాయి. అవీ కదిలేదాకా ఎవరికీ చెప్పవద్దని ఆమె డైరెక్టరుగారిని బతిమాలింది. ఆయన సరేనని తల ఊపి, మర్నాడే విలేఖరులను పిలిచాడు. "మట్టికి ప్రాణం పోసిన మహిళ" అని పత్రికలన్నీ రాశాయి. తాను పోయలేదని, ఎవరూ పోయకపోవడమే అసలు సంగతని ఆమె ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేకపోయాడు.

*

ఇంట్లో హెప్సిబా, వాళ్ల నాన్న దేవసహాయం ఇద్దరే. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఆయన ఊళ్లో చర్చికి పాస్టరుగా పనిచేసి, చూపు మందగించాక విరమణ తీసుకుని, పరిశోధనశాల క్వార్టర్లలో కూతురి దగ్గర ఉంటున్నారు. అయ్యగారు అంటే ఊళ్లో ఇప్పటికీ ఆయనే.

ఆ తండ్రీ కూతుళ్ల మధ్య ఒక పాత వాదన ఉంది. హెప్సిబా ఇంటర్ చదువుతుండగా తల్లి మార్తమ్మకు కామెర్లు ముదిరాయి. ఆసుపత్రిలో వైద్యం జరుగుతూనే ఉంది. దేవసహాయం గారు మంచం పక్కన నిలబడి, ఆలివ్ నూనె వేలికి అద్దుకుని, భార్య నుదుటి మీద రాసి ప్రార్థన చేశారు. రోగులకైనా, కొత్త ఇంటికైనా, పరీక్షకు వెళ్లే పిల్లలకైనా అలా నూనె రాసి ప్రార్థించడం వాళ్లలో ఆనవాయితీ. సంఘమంతా ఉపవాసం ఉంది. మార్తమ్మ పోయింది. ఆ తరువాత హెప్సిబా చర్చి మెట్లు ఎక్కలేదు. తండ్రి ఒక్కసారీ రమ్మని బలవంతపెట్టలేదు. అడగాల్సిన ప్రశ్నను ఇద్దరూ గొంతులోనే పెట్టుకుని, దాని బదులు సృష్టి గురించి వాదించుకోవడం మొదలుపెట్టారు.

అదెంతగా అరిగిపోయిందంటే, ఉప్మా తింటూ ఒకరి మాట ఇంకొకరు పూర్తి చేసేవాళ్లు.

"చేసినవాడు లేకుండా చేసిన వస్తువు ఎట్టా వచ్చిద్దమ్మా?" అనేవారాయన.

"మరి చేసినవాణ్ణి ఎవరు చేశారు నాన్నా?"

"ఆయన్ని ఎవరూ చేయక్కర్లా."

"మట్టిని కూడా ఎవరూ చేయక్కర్లేదు."

"సర్లే. ఉప్పు తగ్గింది, ఆ పచ్చడి ఇటు జరుపు."

పత్రికలో వార్త వచ్చాక ఆ ఉప్మా వాదన ఆగిపోయింది. అదే ఆమెకు బాధగా ఉంది. ఆయన పేపరు అడగలేదు, ఆమె చదివి వినిపించలేదు. ఆ ఆదివారం చర్చికి వెళ్లి ఆయన తొందరగా తిరిగొచ్చేశారు.

"ఏమైంది నాన్నా, అప్పుడే వచ్చేశారు?"

"ఏం లేదమ్మా. ఎండగా ఉంది."

ఏమైందో పనమ్మాయి చెప్పింది. కొత్త పాస్టరు షడ్రక్ గారు కుర్రతనం ఉన్న మనిషి, మాట జోరు ఎక్కువ. మట్టిని తీసుకుని దేవుడితో పోటీకి దిగినవాళ్ల గురించి గంటసేపు ప్రసంగించాడట. సాక్ష్యాల సమయంలో ఎవరికి ఏ మేలు జరిగిందో వాళ్లు లేచి చెప్పుకోవాలి. ముందు వరసలో కూర్చున్న దేవసహాయం గారి వైపు తిరిగి, "అయ్యగారూ, మీ ఇంట్లో జరుగుతున్నదాని మీద మీ సాక్ష్యం ఏంటో సంఘం వినాలనుకుంటోంది," అన్నాడట. పెద్దాయన లేచి నిలబడి, కర్ర వెతుక్కుని, బయటికి నడిచి వచ్చేశారట.

ఆ పై వారం నుంచి చర్చిలో ప్రార్థన చేయమని ఆయన్ని ఎవరూ పిలవలేదు. తాను కట్టించిన గోడల మధ్య ఆయన చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కూర్చుని వచ్చేవారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో హెప్సిబాకు తెలిసేది కాదు.

షడ్రక్ గారు అంతటితో ఆగలేదు. టౌన్ హాల్లో బహిరంగ చర్చకు రమ్మని సవాలు విసిరాడు. తిరుపాలు ఆమెను మాట మాత్రం అడక్కుండా సవాలు స్వీకరించేశాడు.

"నన్నడగాలని తోచలేదా నీకు?"

"అడిగితే వద్దంటారుగా మేడమ్," అన్నాడతను నిజాయితీగా.

*

చర్చ సంగతి అలా ఉంచితే, అసలు కుండల్లో తంటా మొదలైంది. పుణెలో ఒక బృందం అదే పద్ధతిలో చేసి చూసింది. మట్టి మట్టిలాగే ఉందని రాశారు. ఇంకో దేశం నుంచీ అదే జవాబు. తిరుపాలు కొత్తగా పెట్టిన కుండలూ కిక్కురుమనలేదు. ఏడో కుండ ఒక్కటే, తనకేమీ పట్టనట్టు, పిల్లల మీద పిల్లల్ని పెడుతూ పోతోంది.

ఒక్కచోట జరిగి ఇంకెక్కడా జరగనిదాన్ని నమ్మేవాళ్లు వేరే ఉన్నారు, తను వాళ్లలో మనిషి కాదు. హెప్సిబా ఏడో కుండను విప్పి, అంగుళం అంగుళం గాలించడం మొదలుపెట్టింది. మూతి లోపలి అంచున, ఆవిరి తగిలి కిందికి జారే చోట, కంటికి ఆనని జిడ్డు పొర దొరికింది. పరీక్షకు పెడితే ఆలివ్ నూనె అని తేలింది.

ఆమె ఆ కాగితాన్ని మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది.

జరిగిందేమిటో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నూనె, సున్నపు మట్టి, వేడి మూడూ కలిస్తే సబ్బు అవుతుంది. సబ్బుకు బుడగ కట్టడం సహజం. మట్టి మీద పుట్టిన గొలుసు పదార్థానికి ఇల్లు లేక ఇన్నాళ్లూ నీళ్లలో చెల్లాచెదురైపోయేది. ఈ కుండలో దానికి బుడగ రూపంలో ఇల్లు దొరికింది. అంటే కదలిక నిజమే, కానీ ఎవరి చెయ్యీ తగల్లేదన్న మాట అబద్ధం. నూనె చెట్టు కాయ నుంచి వస్తుంది. చెట్టు బతికున్నది.

కొత్త యంత్రం ప్రారంభించిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. మన దేశంలో ఏ యంత్రానికైనా పూజ జరగాల్సిందే. డైరెక్టరుగారు కొబ్బరికాయ కొట్టించి, కుండల మీద వరసగా పసుపు కుంకాలు పెట్టించాడు. తిరుపాలు ముఖం చిట్లించుకుని వరండాలోకి పోయాడు. అందరూ వెళ్లాక హెప్సిబా స్పిరిట్ తీసుకుని ప్రతి బొట్టూ తుడిచింది. ఆ వేడుకకు నాన్న కూడా వచ్చారు. బొట్టు ఎర్రగా కనబడింది కాబట్టి తుడిచింది. నూనె కనబడలేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి దేవసహాయం గారు వరండాలో కుర్చీ వేసుకుని రేడియో వింటున్నారు.

"నాన్నా, యంత్రం ప్రారంభించిన రోజు మీరు కుండలకు నూనె పెట్టారా?"

ఆయన రేడియో కట్టేశారు.

"పెట్టానమ్మా. వాళ్లంతా కొబ్బరికాయ కొట్టుకున్నారు. నా బిడ్డ పనికి నా వంతు నేనూ చేసుకోవాలి గదా అనిపించింది. మూత కాస్త తెరిచుంటే లోపల వేలు పెట్టాను. తప్పయిందా?"

"అన్నిటికీ పెట్టారా?"

"లేదమ్మా. చివరి కుండతో మొదలుపెట్టా, దానికి పెట్టేసరికే ఎవరో వస్తున్న అలికిడైంది. సిగ్గేసి సీసా జేబులో పెట్టేసుకున్నా."

హెప్సిబా మెట్టు మీద కూలబడింది. ఇరవై ఏళ్ల పని, తండ్రి వేలి కొన మీదున్న చుక్క నూనెలో జారిపోయింది. అరవాలనిపించింది. అరవడానికి ఓపిక లేకపోయింది.

"అయితే అది కదిలింది ఆ ప్రార్థన వల్లా?" అని అడిగారాయన మెల్లగా. ఆ గొంతులో గెలిచానన్న ఉత్సాహం లేదు. భయం ఉంది.

"నూనె వల్ల నాన్నా."

"నూనె వల్లనే అని నీకెట్టా తెలుసు?"

అది సరైన ప్రశ్నేనని ఆమెకు తెలుసు.

*

"మేడమ్, ఇది మన ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు," అన్నాడు తిరుపాలు మర్నాడు. నిద్రలేక అతని కళ్లు ఎర్రబడ్డాయి. "చర్చ అయ్యేదాకా బయటపెట్టొద్దు. పాస్టరు చేతికి మనమే కర్ర ఇచ్చినట్టవుతుంది."

"మా నాన్నకు తెలుసు."

"ఆయన చెప్పరు. మీరంటే ఆయనకి ప్రాణం."

"ఆయన చెప్పకపోయినా నాకు తెలుసుగా తిరుపాలూ."

అతను కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. పాపం, అతని బాధ అతనిది. పదేళ్లు గొంతు చించుకుని చెప్పిన మాటకు మొదటిసారి చేతికి చిక్కిన రుజువు అది.

చర్చను వాయిదా వేయమని ఆమె రెండు పక్షాలకూ కబురు పెట్టింది. భయపడిందని ఒక పక్షం, మెత్తబడిందని ఇంకో పక్షం అనుకున్నాయి. ఆమె కొత్త కుండలు కడిగించింది. కొన్నిటికి నూనె ఉండదు. కొన్నిటికి ప్రార్థన చేసిన నూనె. కొన్నిటికి ప్రార్థన చేయని నూనె.

"మూడో రకం ఎందుకు మేడమ్? నూనె అని తేలితే చాలదా?"

"రేపు షడ్రక్ గారు నూనె కాదు, ప్రార్థనే అంటారు. దానికీ జవాబు ఉండాలి."

అలా అన్నది గానీ, ఆ ప్రశ్న షడ్రక్ గారిది కాదని ఆమెకు తెలుసు. అది తన పదిహేడో ఏట ఆసుపత్రి వరండాలో మొదలైన ప్రశ్న. ఇన్నాళ్లకు దాన్ని కుండలో పెట్టి చూసే వీలు దొరికింది. దొరికినందుకు ఆమెకు తన మీద తనకే కాస్త అసహ్యం కూడా వేసింది.

తండ్రిని అడిగితే ఆయన వెంటనే తల అడ్డంగా ఊపారు.

"దేవుణ్ణి పరీక్షకు పెట్టకూడదమ్మా."

"దేవుణ్ణి కాదు నాన్నా, నూనెను. రెండు సీసాలు ఒకే రకానివి కొనండి. ఒకదానికి ప్రార్థన చేసి మెడకు దారం కట్టండి. రెండోదాన్ని ఊరికే వదిలేయండి. అంతే."

"ఊరికే వదిలేయాలా?"

"అవును నాన్నా. దాన్ని తలుచుకోను కూడా వద్దు."

ఆయన కాదనబోయి, కూతురి ముఖానికి దగ్గరగా వంగి చూశారు. కళ్ల కింద నలుపు, చెదిరిన జుట్టు.

"నువ్వు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లైందే హెప్సీ?" అన్నారు. నిట్టూర్చి, "సరే, తెస్తాలే," అన్నారు.

రెండ్రోజుల తరువాత రెండు చిన్న సీసాలు బల్ల మీదకు వచ్చాయి. ఒకదాని మెడకు తెల్ల దారం ఉంది. రెండోదానికి లేదు.

కుండలకు సీలు వేశారు. ఎండ, పోటు, ఆటు, మళ్లీ ఎండ. హెప్సిబా రోజూ వెళ్లి తాళం చూసి వచ్చేది. ఇంట్లో ఉప్మా చేసేది, నాన్న కళ్లలో చుక్కల మందు వేసేది, గ్యాసు బండ కోసం ఫోన్ చేసేది. లోకం ఎలా పుట్టిందో తేలేలోపు కూడా గ్యాసు అయిపోతూనే ఉంటుంది.

సీలు విప్పిన రోజు తిరుపాలే ముందు చూశాడు. దారం కట్టిన సీసా నూనె వేసిన కుండలు మూడూ కదిలాయి. దారం కట్టని సీసావీ మూడూ కదిలాయి. నూనె లేని మూడింట్లో ఉత్త బురద.

"నూనే మేడమ్! ప్రార్థనకీ దీనికీ సంబంధం లేదు!" అని అతను ఎగిరి గంతేశాడు. వయసు చూసుకోకుండా గంతేయడంతో మోకాలు పట్టేసి కుర్చీ పట్టుకున్నాడు.

హెప్సిబా కిటికీ దగ్గరకు పోయి నిలబడింది. తనకు కావలసిన జవాబే వచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఎనభై దాటిన మనిషి ముందు పెట్టాలి. జీవితమంతా వేలికి నూనె అద్దుకుని జనం నుదుళ్ల మీద రాసిన మనిషి. ఇంటికి వెళ్లి, ఫలితం వచ్చింది నాన్నా అన్నది.

"అక్కడే చెప్పమ్మా, హాల్లో. అందరితో పాటు వింటాను," అన్నారాయన, కళ్లు తెరవకుండా.

*

వాయిదా పడిన చర్చ జరిగిన రోజున టౌన్ హాలు కిక్కిరిసిపోయింది. ఒక పక్క చర్చి వాళ్లు, ఇంకో పక్క హేతువాద సంఘం వాళ్లు, మధ్యలో ఎవరు గెలిస్తే వాళ్ల వైపు చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా కాలేజీ పిల్లలు. షడ్రక్ గారు ముందు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు కూడా. సృష్టికర్త లేకుండా కుండైనా పుట్టదని, కుండకు కుమ్మరి ఉన్నట్టే లోకానికీ ఒకడు ఉన్నాడని చెప్పి కూర్చున్నాడు.

హెప్సిబా మైకు ముందుకు వచ్చింది. ఆమె దగ్గర జోరు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"మట్టి తనంతట తాను కదిలిందని పేపర్లలో వచ్చింది. అది తప్పు. ఏడో కుండకు ఒక చెయ్యి తగిలింది. మా నాన్నగారు ప్రార్థన చేసి నూనె పెట్టారు. ఎవరి ప్రమేయం లేకుండా జరిగిందన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను."

హాలు ఒక్కసారిగా గోలెత్తింది. ఆమె ఆగి, సద్దుమణిగాక రెండు సీసాల సంగతి చెప్పింది. ప్రార్థన చేసింది కదిలిందని చెప్పినప్పుడు ఒక పక్క చప్పట్లు మోగాయి. చేయనిదీ కదిలిందని చెప్పినప్పుడు రెండో పక్క ఈలలు వేసింది. తిరుపాలు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. హెప్సిబా తండ్రి వైపు చూడలేకపోయింది.

షడ్రక్ గారి ముఖం కందిపోయింది. అతను మైకు అందుకుని, ముందు వరసలోకి చూశాడు.

"అయ్యగారూ, మీరే చెప్పండి. ప్రార్థన చేసింది మీరు. ఇన్నేళ్లు ఈ ఊరికి వాక్యం చెప్పిన మీరు, మీ ప్రార్థనకి విలువ లేదంటే ఊరుకుంటారా? సాక్ష్యం చెప్పండి."

దేవసహాయం గారు కర్ర ఆనించుకుని లేచారు. ఎవరో మైకు అందించారు.

"అందరికీ వందనాలు," అన్నారు. "నేను మా అమ్మాయికి అబద్ధం చెప్పానయ్యా."

వెనక వరసల వాళ్లు ముందుకు వంగారు.

"రెండు సీసాలు కొన్నాను. ఒకదానికి ప్రార్థన చేసి దారం కట్టా. రెండోదాన్ని బీరువాలో పెట్టా. తెల్లారి లేచి చూస్తే అది ఒక్కత్తే అట్టా కూర్చోనుంది. ఇద్దరు బిడ్డల్ని పక్కపక్కన కూర్చోబెట్టుకొని ఒకళ్ల నెత్తినే చెయ్యి పెట్టినట్టనిపించింది. నా వల్ల కాలా. దానిక్కూడా ప్రార్థన చేశా. దారం మాత్రం కట్టలా."

"హల్లెలూయా!" అని చర్చి పక్క ఒక్క గొంతై అరిచింది. షడ్రక్ గారు రెండు చేతులూ పైకెత్తాడు. తిరుపాలు కుర్చీలో కూలబడ్డాడు. హెప్సిబా బల్ల అంచు పట్టుకుంది. తన పరీక్షంతా తండ్రి జాలిగుండెలో కొట్టుకుపోయిందని అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పెద్దాయన చెయ్యెత్తారు. "ఆగండయ్యా, తొందరపడబాకండి. ఇంకా అయిపోలా. కదిలి లేవని కుండలకీ చేశాను. మా అమ్మాయి పనికి బయల్దేరిన ప్రతి పొద్దూ ఆ గదిలో ఉన్న ప్రతిదానికీ చేశా. ఆ ఆరింటికీ చేశా, మొన్న నూనె లేకుండా పెట్టిన మూడింటికీ చేశా. అవి లేవలేదు. కాబట్టి నా ప్రార్థన మీద మీరు గెలవబాకండి. నా దగ్గర ఉన్న సాక్ష్యం ఇంతే."

ఆయన మైకు వెనక్కి ఇచ్చేసి కూర్చున్నారు. ఏ పక్కా చప్పట్లు కొట్టలేదు. షడ్రక్ గారు ఎత్తిన చేతులు ఎప్పుడు దించాడో ఎవరూ చూడలేదు.

అందరూ హెప్సిబా వైపు తిరిగారు. నూనె ఉన్నవన్నీ లేచాయి, లేనివేవీ లేవలేదు, ప్రార్థన అన్నిటికీ అందింది. లెక్క తేలిపోయింది. అది పైకి చెబితే ఆ పూట ఆమెదే. ఆమె తండ్రి వంగిన నెత్తిని చూసింది.

"అయితే నా పరీక్ష నేననుకున్నట్టు జరగలేదు," అన్నది. "మళ్లీ చేస్తాను."

*

ఇద్దరూ ఆటోలో ఇంటికి బయల్దేరారు. ఉప్పుగాలి వీస్తోంది. ఆయన తుండుగుడ్డ చెవులకు చుట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

"కోపంగా ఉందా?"

"ఉంది నాన్నా. ఊరికే వదిలేయమన్నాను కదా."

"ఊరికే వదిలేయడం నాకు రాదమ్మా. ఎప్పుడూ చేయలా." తుండుగుడ్డ సర్దుకున్నారు. "నూనే గదా? అక్కడ నువ్వు చెప్పలేదు గానీ, నాకు అర్థమైందిలే."

"అవును. నూనే."

ఆయన తల ఊపారు. ఆటో గతుకులో పడి లేచింది.

"మీ అమ్మకీ అదే నూనె రాశానే హెప్సీ. ఇదే వేలు. ప్రార్థనా చేశాను. డాక్టర్లు మందూ ఇచ్చారు. ఏదీ తక్కువ చేయలా." ఆయన ఆ వేలిని బొటనవేలితో రుద్దుకున్నారు. "బురదక్కూడా లేవడానికి ఏదో ఒకటి సరిపోయింది. మీ అమ్మకి ఏం తక్కువైందమ్మా?"

ఇన్నేళ్లూ ఆ మాట తనే ఆయన్ని అడగాలనుకుంది. అడిగితే ఆయన కూలిపోతారని అడగలేదు. ఆయన దగ్గర జవాబు ఉండే ఉంటుందని, ఆ జవాబు తనకు నచ్చదని అనుకుంది. ఆయన దగ్గరా ప్రశ్నే ఉందని ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

"తెలీదు నాన్నా," అన్నది.

"నాకూ తెలీదమ్మా," అన్నారాయన.

ఇద్దరి మధ్య అంతకాలం సాగిన వాదనలో ఆ మాట ఎవరైనా అనడం అదే మొదటిసారి. హెప్సిబా ఆయన భుజం మీద తల వాల్చింది. బజారు దాటుతుండగా ఆయన డ్రైవరును ఒక్క నిమిషం ఆపమన్నారు.

"ఎందుకు నాన్నా?"

"మళ్లీ చేస్తానన్నావుగా. నూనె కావాలి గదా. ఈసారి నువ్వే దిగి కొనుక్కో. నాకు చూపించబాక."

ఆమె దిగి దుకాణంలోకి వెళ్లి సీసా కొని, సంచి అడుగున పెట్టుకుని వచ్చింది. ఆటోలో ఆయన, తనకు ఇష్టమైనదేదో కంటపడకూడదని ఒట్టు పెట్టుకున్న పిల్లాడిలా, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని కూర్చున్నారు. పెదవులు మాత్రం మెల్లగా కదులుతున్నాయి. ఆమె చూసింది. చూసి, ఏమీ అనకుండా, ఆయన పక్కన కూర్చుంది.